కాడి ఎత్తిన నాంచారి

అనగనగా అంటే అనగనగా, గుర్రాలు కొండల్ని చూసి వెనక్కి తిరిగితే ఎద్దులే మబ్బుల దాకా బండ్లు లాగిన కాలంలో, మబ్బుదుర్గమని ఒక పట్టణం ఉండేది.

కింద నది. నది ఒడ్డున రేవు. రేవు నుంచి పైన కోట దాకా ఏడు మలుపుల కనుమ దారి. ఉప్పు కావాలన్నా, దీపానికి నూనె కావాలన్నా, పెళ్లికూతురికి చీర కావాలన్నా ఆ ఏడు మలుపులూ ఎక్కి రావలసిందే. ఎక్కించేవి ఎడ్లబండ్లు. అందుకే ఆ ఊళ్లో బండివాళ్లంటే గొప్ప గౌరవం.

గౌరవం ఎక్కువైతే మనిషి ఊరుకుంటాడా? ఎవరి తాతో, దిష్టి తగలకుండా బండి ముందు చిన్న రాతి కుందేలును పెట్టుకున్నాడు. పక్కింటివాడు రాతి మేకపోతును పెట్టాడు. ఆ పక్కవాడు ఎలుగుబంటిని పెట్టాడు. మూడు తరాలు గడిచేసరికి, బండి ముందు రాతి జంతువు లేనివాడికి పిల్లనిచ్చేవాళ్లే లేకుండా పోయారు. జంతువు ఎంత పెద్దదైతే మనిషి అంత పెద్దవాడు. బండివాళ్ల పెద్ద ఈరన్న బండి మీద ఏకంగా ఏనుగుంది. దాన్ని లాగడానికి నాలుగెడ్లు. ఆ నాలుగెడ్ల బండి కట్టించుకుని ఆయన పక్కవీధి అంగడికి వెళ్లి రెండు నిమ్మకాయలు తెచ్చుకునేవాడు.

ఆ బండివాళ్లలో ఆడమనిషి ఒక్కతే, నాంచారి. మొగుడు పోయాక పగ్గాలు తానే పట్టింది. ఆమెది ఒంటెద్దు బండి. ఎద్దు పేరు మైలడు. రెండు రోజుల దూడగా ఉన్నప్పుడు వాడి తల్లి చచ్చిపోతే, నాంచారి గంజి తాగించి బతికించింది. బిడ్డన్నా వాడే, బతుకుతెరువన్నా వాడే. అయినా ఆమె కూడా ఆ ఊరి మనిషే కదా! తన బండి మీదా ఒక రాతి సింహాన్ని కూర్చోబెట్టింది. దారిన పోయేవాళ్లు దాని వంక చూస్తుంటే మురిసిపోయేది.

గడ్డి నది అవతలి మైదానాల నుంచి వచ్చేది. రూకకు నాలుగు మోపులు. ఒక ఏడు అక్కడ వాన మొహం చాటేసింది. గడ్డి వర్తకుడు సాంబయ్య అంగడి ముందు నిలబడి చెప్పాడు: "రేపటి నుంచి రూకకు మూడే మోపులు."

"రేపటి నుంచా? అయితే ఇవాళే కొనాలి!" అన్నారు బండివాళ్లు.

తింటున్న అన్నం వదిలేసి, చేస్తున్న పని పారేసి, బండ్లన్నీ అంగడి ముందు వరుస కట్టాయి. ఆ వరుస మూడో మలుపు దాకా పాకింది. పొద్దంతా వరుసలో నిలబడ్డ ఎడ్లు ఆకలికి ఆగలేక, ఆ పూట కొన్న గడ్డిలో సగం అక్కడే మేసేశాయి. మిగిలిన సగాన్ని ఇళ్లలో అటకల దాకా కుక్కితే, పచ్చి గడ్డి ఆవిర్లు కక్కి కుళ్లిపోయింది. నాంచారి వంటింట్లోనూ అదే కంపు.

రెండోసారి ధర పెరిగింది. రూకకు రెండే మోపులు.

ఈసారి అందరూ గొంతులు సవరించుకున్నారు. "సాంబయ్య దొంగ!" అన్నాడు ఈరన్న. "మైదానం వాళ్లు దొంగలు!" అన్నాడు ఇంకొకడు. "వాన దేవుడే దొంగ!" అంది నాంచారి, అందరికన్నా గట్టిగా.

"నేనేమన్నా గడ్డి మొలిపిస్తానా తల్లీ? నన్ను తిట్టి ఏం లాభం?" అన్నాడు సాంబయ్య.

"నిన్ను తిడితే గొంతుకైనా హాయిగా ఉంటుంది," అంది నాంచారి.

తిట్లు అయ్యాక పొదుపు మొదలైంది. గడ్డికి కలిసొస్తుందని ఇరుసులకు ఆముదం కందెన పూయడం మానేశారు. దాంతో చక్రాలు బిగుసుకుని కీచుమన్నాయి, ఎడ్లకు రెట్టింపు పనయింది. మేత సగానికి కోశారు. తొందరగా చేరితే తక్కువ తింటాయని చెర్నాకోలలు ఝళిపించి కనుమ మీద పరుగెత్తించారు. ఎడ్ల నోళ్ల నుంచి నురగ కారింది. రాతి జంతువులు మాత్రం బండ్ల మీద హాయిగా కూర్చున్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

మైలడి పక్కటెముకలు బయటపడ్డాయి. రేవులో పశువుల దళారి వాడి పళ్లు చూసి, "ఇంకా పనికొస్తాడు, అమ్మేయక్కా. నువ్వు మేపలేవు," అన్నాడు. నాంచారి నోట్లో ఎప్పుడూ మాటకు కొరత లేదు. ఆ పూట మాత్రం "పున్నమి దాకా ఆగు," అని, పది ఉప్పు బస్తాలు ఎత్తించుకుని బండి తోలింది.

అయిదో మలుపు దగ్గర మైలడు ఆగిపోయాడు.

నాంచారి అదిలించింది. కదల్లేదు. బతిమాలింది. కదల్లేదు. పుట్టి బుద్ధెరిగి వాడి మీద ఎత్తని చెర్నాకోల ఎత్తింది.

"అమ్మా," అన్నాడు మైలడు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నీకు మాటలొచ్చా? ఇన్నేళ్లూ నోరు విప్పలేదేంరా?"

"నువ్వు సందిస్తే కదమ్మా!"

నాంచారి నోరు మూసుకుంది. అదీ పుట్టి బుద్ధెరిగి మొదటిసారే.

"నన్ను అమ్మితే అమ్ము," అన్నాడు మైలడు. "అమ్మే ముందు ఒక్క పని చెయ్యి. బస్తాలు దించెయ్. ఊరికి ఉప్పు కావాలి, దాని బరువు నేను కాదనను. ఉత్త బండిని ఒక్కసారి నువ్వు లాగి చూడు."

ఆమె చక్రాల కింద రాళ్లు పెట్టింది. బస్తాలు దించింది. మైలణ్ణి విప్పి, కాడి తన భుజమ్మీదికి ఎత్తుకుంది. అబ్బా! కాడి ఒక్కటే ఆమె మెడను నేలకు వంచేసింది. కాళ్లు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగింది. బండి కదల్లేదు. మళ్లీ లాగింది. వెంట్రుకవాసి కదల్లేదు.

వంచిన తల అలాగే ఉంచి ఆమె కళ్లెత్తి చూసింది. రోజూ చూసే దారే. బండి మీద కూర్చున్నప్పుడు అది దారిలాగే ఉండేది. కాడి కింద నుంచి చూస్తే అది కొండ. ఆకాశాన్ని తాకే కొండ. ఆ కొండను ఈ ప్రాణి రోజూ ఎక్కింది. పదకొండేళ్లు ఎక్కింది. ఉప్పుతో ఎక్కింది, నూనెతో ఎక్కింది, తనను కూర్చోబెట్టుకుని ఎక్కింది. తిరిగి ఒక్క మాట అనలేదు.

ఆమె కాడి దించి మైలడి మూపురం మీద చెయ్యి వేసింది. రాపిడికి కాయలు కాసిన ఆ చర్మం కింద రక్తం వెచ్చగా పరుగెడుతోంది. "నువ్వు ఎద్దువా, ఇంకేదైనా దేవుడివా?" అంది మెల్లగా.

"ఎద్దునే అమ్మా. ఆకలిగా ఉన్న ఎద్దును."

నాంచారి వెనక్కి తిరిగి సింహాన్ని చూసింది. అది నోరు తెరుచుకుని ఊరికే కూర్చుంది. "ఏమే, ఏం మోస్తున్నావే నువ్వు? ఏం లాగుతున్నావే?" అని బండిలోని గడ్డపలుగు తీసి దాన్ని పెకలించి దారి పక్కకు దొర్లించింది. మళ్లీ కాడి ఎత్తి లాగింది. బండి మూడడుగులు కదిలింది! ఇత్తడి గంటలు ఊడదీసింది. బండి దీపానికి దాచుకున్న ఆముదం తీసి ఇరుసుకు పూసింది. చివరికి ఒక బరువు మిగిలింది. అది తానే. ఎక్కుడు దారిలో ఇక బండెక్కనని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

ఆ రోజు మైలడు తిన్నది సగం మేతే. అయినా మళ్లీ ఎక్కించిన పది బస్తాలూ పొద్దు నడినెత్తికి రాకముందే కోట చేరాయి.

బండివాళ్లు పగలబడి నవ్వారు. "ఏమే నాంచారీ, నీ సింహం ఏ అడవికి పోయిందే?" అన్నాడు ఈరన్న.

"మేత గిట్టక సన్నాసుల్లో కలిసింది ఈరన్న మామా. మీ ఏనుగును కూడా రమ్మంటోంది."

అంతలో మూడోసారి ధర పెరిగింది. రూకకు ఒక్కటే మోపు. ఈరన్న కాడి కింద పడేసి, "బండ్లు కదలవు! రాజుగారే దిగివచ్చి గడ్డి పెట్టాలి," అన్నాడు. కనుమ బోసిపోయింది. మూడు రోజుల్లో ఊళ్లో కూరలు చప్పబడ్డాయి, దీపాలు కొండెక్కాయి. నాంచారి ఒక్కతే బండి తోలింది. అయితే ఆమె ఇంట్లోనూ రెండు రోజుల గడ్డే మిగిలింది. పున్నమి ఎల్లుండే.

రాజు ప్రసేనుడికి కోపం వచ్చింది. "వాళ్లు తేకపోతే నేనే తెస్తాను!" అని రథం కట్టించాడు. రథానికి ఎనిమిదెడ్లు. ముందు రాతి గండభేరుండం, దానికి బంగారు రేకు. రేవుకు దిగడం బాగానే దిగింది. అయిదు బస్తాలు ఎత్తుకుని తిరిగి ఎక్కేటప్పుడు, అయిదో మలుపు దగ్గర ఎనిమిదెడ్లూ మోకాళ్ల మీద కూలబడ్డాయి. వేడుక చూడ్డానికి బండివాళ్లూ, వాళ్ల వెనకే సాంబయ్యా అక్కడికి చేరారు.

అప్పుడు కింది నుంచి ఒక బక్క ఎద్దు పది బస్తాల బండిని లాక్కుంటూ, చప్పుడు లేకుండా, ఆగకుండా వచ్చింది. పక్కనే ఒక ఆడమనిషి నడుస్తోంది.

"ఎవరిదీ బండి?" అన్నాడు రాజు నోరు తెరిచి.

"వీడిది మహారాజా. నేను వీడి వెంట నడిచే మనిషిని."

"నా ఎనిమిదెడ్లు చేయలేనిది ఈ ఒక్క ఎద్దు ఎలా చేసింది? ఏ మంత్రం వేశావు?"

"చెబితే తెలియదు ఏలినవారికి. కాడి మెడ మీద పెట్టుకోవాలి."

 నాంచారి తల పోయినట్టే అనుకున్నారు బండివాళ్లు.  రాజు కిరీటం తీసి రథం మీద పెట్టాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించి, కూలబడ్డ ఎడ్లను విప్పించాడు. వంగి కాడి కింద భుజం పెట్టాడు.

 నలభై ఊళ్లను ఏలే రాజు, పట్టుబట్టలతో, ఎద్దు నిలబడే చోట నిలబడి లాగుతున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. చెమట కళ్లలోకి కారింది. రథం కదల్లేదు. ఆయన తలెత్తి చూశాడు. నాంచారి చూసిన కొండే ఆయనకూ కనిపించింది. కాడి వదిలేసి, మోకాళ్ల మీదున్న ఎద్దు ముందు తానూ మోకాళ్ల మీద కూర్చుని, దాని నుదుటికి తన నుదురు ఆనించాడు.  ఈరన్న తలపాగా తీసేశాడు.

రాజు లేచి, "అమ్మా, ఈ ఎద్దును నాకివ్వు. బతికినన్నాళ్లూ నా శాలలో కడుపునిండా గడ్డి పెడతాను," అన్నాడు.

నాంచారి ఇంట్లో గడ్డి అయిపోవస్తోంది. ఇవ్వనంటే వాడి కడుపు మాడుతుంది. ఇస్తే తన ప్రాణం పోతుంది. "వాడినే అడగండి," అంది.

మైలడు తలెత్తి రాజును చూశాడు. "మహారాజా, గడ్డి పెట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నా కాడి ఎత్తి చూసింది ఈ అమ్మ."

"నేనూ ఎత్తాను కదా?"

"ఆమె చెప్పాక ఎత్తారు," అన్నాడు మైలడు.

రాజు తల దించుకున్నాడు. ఆ దించిన తలతోనే సాంబయ్యను పిలిచి, "నిజం చెప్పు. మైదానం నుంచి వచ్చే గడ్డి ఎటు పోతోంది?" అన్నాడు.

సాంబయ్య చేతులు నలుపుకున్నాడు. "ప్రభూ, వాన లేక సగం ఎండింది. వచ్చిన దాంట్లో సగం తమ రథాల శాలకే పోతోంది. మిగిలింది ఊరికి. అందులో సగం ఈ రాతి ఏనుగుల్నీ ఎలుగుల్నీ మోయడానికే."

రాజు తానే గడ్డపలుగు అడిగి తీసుకున్నాడు. గండభేరుండం దొర్లింది. దాని వెంట ఈరన్న ఏనుగు దొర్లింది. సాయంత్రానికి ఆ మలుపు పక్కన ఒక రాతి అడవి మొలిచింది. రాజశాల గడ్డిలో సగం ఆ రోజే ఊరి ఎడ్లకు చేరింది. మొదటి మోపు మైలడికి.

ధర దిగిందా అంటారా? ఒక్క మెట్టు దిగింది, అంతే. మైదానంలో మళ్లీ వాన పడే దాకా అక్కడే కూర్చుంది. అయినా ఎడ్ల పక్కటెముకల మీద కండ పట్టింది. నాలుగెడ్ల పని రెండెడ్లు చేస్తే, తక్కిన రెండూ విశ్రాంతి తీసుకున్నాయి. బండివాళ్లు ఎక్కుడు దారిలో బండ్లు దిగి, ఎద్దుల పక్కన, గుడిలో నడిచినంత నెమ్మదిగా నడిచారు.

కాబట్టి పిల్లలూ, ధర పెరిగిందని లోకాన్ని తిట్టే ముందు మన బండి మీద దండగ బరువెంతుందో చూసుకోవాలి, మనల్ని మోసేవాళ్ల కాడి ఒక్కసారైనా మన మెడ మీద పెట్టుకుని చూడాలి.