తూము లేని తామరతొట్టి

ఆ పొద్దు మఠంలో శిష్యుడైన ఉరుకుందుకు కోపం నషాళానికి ఎక్కింది. తనకంటే ఎంతో వెనక మఠానికి వచ్చిన నరసమ్మకు కూడా గురువు ఉపదేశం ఇచ్చేసింది. తను అడిగినప్పుడల్లా మాత్రం ఒకటే మాట: "ఇంకా కాలేదురా."

గురువంటే తిప్పమ్మవ్వ. ఆదోని దాటాక కొండరాళ్ల మధ్య ఆమె మఠం. మనిషి బక్కపలచన, మాట అంతకంటే పలచన. ఉరుకుందు నేరుగా పోయి ఆమెను నిలదీశాడు.

"నాకేం తక్కువవ్వా?"

"తక్కువేమీ లేదు," అంది అవ్వ, చాటలో బియ్యం చెరుగుతూ.

ఇక్కడ అతని సంగతి కొంత చెప్పాలి. వెనకటికి బెంగళూరులో గోడల పని చేసేవాడు. పని నేర్పిన మేస్త్రి ఒకనాడు నలుగురి ముందు చెంప పగలగొట్టాడు. తప్పు ఉరుకుందుది కాదు, అది నిజమే. అతను తాపీ అక్కడే పడేసి వచ్చేశాడు గానీ ఆ చెంపదెబ్బను మాత్రం పదిలంగా వెంట తెచ్చుకున్నాడు. మఠానికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా సరే, మొదటి ముద్ద మింగేలోపు ఆ కథ వినాల్సిందే. కథ చివర రొమ్ము విరుచుకుని, "నేను తల వంచలేదు," అనేవాడు. పాతవాళ్లు అప్పటికే చేతులు కడుక్కుని లేచిపోయి ఉండేవాళ్లు.

"ముంగిట్లో తామరలకు ఒక తొట్టి కట్టు," అంది అవ్వ. "కింద బండ ఉంది, తవ్వడానికి కుదరదు. పైకే లేపాల. అడుగున తూము మరిచిపోవద్దు."

"తూమెందుకు? గోడకు కన్నం పెడితే ఎప్పటికైనా కారక తప్పదు. నేను కట్టిన గోడ కారిందని ఎవడూ అనకూడదు."

"నీళ్లు పోవాల్సి వస్తే?"

"నా తొట్టిలోకి వచ్చిన నీళ్లు ఎక్కడికీ పోవు!"

అవ్వ మళ్లీ చాట అందుకుంది.

పని మాత్రం అద్భుతంగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. సిమెంటు బ్లాకులు నడుమెత్తు పేర్చి, వాటి బొక్కల్లో ఇనుప కడ్డీలు దించి కాంక్రీటు పోశాడు. లోపలా బయటా నున్నగా పూత పూశాడు. తడి గోనెలు కప్పి గోడను పసిబిడ్డలా చూసుకున్నాడు. గోడ పండి గట్టిపడ్డాక బోరు నీళ్లు పట్టాడు. తొట్టి అంచుదాకా నిండింది. బయట గోడంతా చేత్తో తడిమి చూసుకున్నాడు, ఎక్కడా చెమ్మ లేదు. ఆ సంబరంలో అవ్వను అడగకుండానే కాలవ నుంచి చేపపిల్లలు తెచ్చి వదిలాడు.

తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

అవ్వ వాటిని గబగబా మంచినీళ్ల బిందెలోకి మార్చింది. బతికినవి బతికాయి. తర్వాత తొట్టి నీళ్లు వేళ్ల మధ్య రుద్ది చూసింది. సబ్బునీళ్లలా జారుతున్నాయి.

"కొత్త సిమెంటు. సున్నం దిగుతాంది. పారబోసి పట్టాల, మళ్లీ పారబోసి పట్టాల."

ఉరుకుందు జీవితమంతా గోడలు కట్టాడు గానీ ప్రాణమున్నవి వాటి మధ్య బతకాలని ఎన్నడూ ఆలోచించినవాడు కాదు. మోటారు పెట్టి నీళ్లు లాగించాడు. అది లాగినంత లాగి, అడుగున జానెడు తెల్లనీళ్లు వదిలేసి ఊరికే గాలి పీల్చసాగింది. మిగిలింది బకెట్టుతో తోడాడు. బకెట్టుకు అందని బురద అట్లే ఉండిపోయింది. మళ్లీ పట్టిన నీళ్లూ పొద్దునకల్లా తెల్లబడ్డాయి. మోటారు వాటినీ జానెడు మిగిల్చి ఊరుకుంది.

"తూము పెట్టరాదా?" అంది నరసమ్మ, చూడలేక.

"చచ్చినా పెట్టను. రోజూ తోడతా, జీవితాంతం తోడతా. గోడ జోలికి మాత్రం ఎవరూ రావద్దు!"

అప్పుడు తిప్పమ్మవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. స్టూలు ఎక్కి, గోడ దాటి, ఆ సున్నపునీళ్లలోకి దిగింది. చేతిలో ఒక చెంబు. వంగి ముంచడం, నిటారుగా లేచి గోడ అవతల పారబోయడం.

"అవ్వా, ఎక్కు పైకి! కాళ్లు మండుతాయి!"

"నీ గోడ నువ్వు కాచుకో. నీళ్లు నేను చూసుకుంటా."

ఎండెక్కింది. అవ్వ ఆగలేదు. ఆమె పిక్కలు ఎర్రబడటం ఉరుకుందుకు పైనుంచి కనబడుతూనే ఉంది. అతని గుండె తరుక్కుపోయింది, అయినా నోరు లొంగలేదు.

"నన్ను లొంగదీయాలనే కదా ఇదంతా? ఆ మేస్త్రి కొట్టినప్పుడే తల వంచలేదు నేను!"

"వంచమని ఎవరన్నారు?" చెంబు ఆగలేదు. "నీ గోడ మంచిదే. నేనేమైనా తిట్టినానా?"

"అయితే తూము పెడితే ఉపదేశం ఇస్తావా?"

"ఇయ్యను."

"మరెందుకు పెట్టాల?"

"నీళ్లు పోవాల గదా నాయనా."

ఉరుకుందు మఠం గుమ్మం దాకా విసవిసా నడిచాడు. అక్కడ నిలబడ్డాడు. వెనక చెంబు చప్పుడు వినబడుతూనే ఉంది. ఉన్నట్టుండి పనిముట్ల గదిలోకి దూరి, సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, బుగ్గలు తడిగా ఉన్నాయి. తన చేత్తో నున్నగా పూసిన గోడకు నడిమధ్యలో ఉలి ఆనించి, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు ఒక్కటి వేశాడు. పెచ్చు లేచింది.

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఇంకా కింద కొట్టరా. అడుగున ఉండేది పైనుంచి పోదు."

సుత్తి గాలిలోనే ఆగింది.

తర్వాత ఉరుకుందు మోకాళ్ల మీద కూర్చుని, ఉలిని కిందికి జరిపాడు.