రెండో నాటు

“మీరు దిగి వచ్చాక మీ నెత్తురును మరిచిపోము. పదిహేనేళ్ళ పాటు, ఏటా ఒకసారి, చూస్తూనే ఉంటాము.”

తొమ్మిది నెలలు చంద్రుడి చుట్టూ తిరిగి రావడానికి నలుగురు యాత్రికులు బయలుదేరిన రోజు, యాత్రామండలి అధ్యక్షుడు వేదిక మీద చదివిన మాట ఇది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పుడు డిగ్రీ చదువుతున్న క్రాంతిధర్ కూడా టీవీ ముందు నిలబడి చేతులు ఎర్రబడేలా కొట్టాడు.

యాత్రికులు క్షేమంగా వచ్చారు. మండలి మూడేళ్ళు చూసింది. నాలుగో ఏడు, ఆ పరీక్షలు చేస్తున్న నెల్లూరు రక్త పరిశోధనశాలకు ఒక ఉత్తరం పంపింది. “మూడేళ్ళ పరీక్షల్లోనూ రక్తకణాల లెక్క మామూలుగానే ఉంది. కనుక ఈ పరీక్షలు ఇంతటితో ముగిస్తున్నాము.”

ఆ పరిశోధనశాలలోనే క్రాంతిధర్ ఇప్పుడు శిష్యరికం చేస్తున్నాడు. ఉత్తరం వచ్చిన మర్నాడే ఫోను మోగింది. ఆ నలుగురు యాత్రికుల్లో ఒకామె, ఇందుమతి.

“తమ్ముడూ, ఈ ఏడు సూదికి ఎప్పుడు రమ్మంటారు? చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నా ఇక్కడ!” అని నవ్వింది.

“చెబుతానక్కా.”

“చెబుతానంటే? ఏ తేదీ?”

ఉత్తరం ఆమెకింకా అందలేదని క్రాంతిధర్‌కు అర్థమైంది. మళ్ళీ చేస్తానని ఫోను పెట్టేశాడు.

రెండు రోజులు కుర్చీ వదలకుండా మండలికి పన్నెండు పేజీల జవాబు రాశాడు. సైన్సు ప్రజలది, పెత్తందార్లది కాదన్నాడు. మౌనం కూడా నేరమేనన్నాడు. చరిత్ర బోనులో మీరు నిలబడక తప్పదన్నాడు. రాసినవన్నీ అతను నమ్మినవే. ప్రతి వాక్యం కిందా గీత గీశాడు.

పట్టుకెళ్ళి మస్తానమ్మగారి ముందు పెట్టాడు.

డాక్టర్ మస్తానమ్మ ముప్పై ఏళ్ళుగా ఎముక మజ్జలోని మూలకణాలను సాకుతున్న మనిషి. నెత్తురంతటికీ తల్లులు ఆ కణాలు. ఆమె దగ్గర చదివినవాళ్ళు ఆమె మాటలను వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలరు.

పన్నెండు పేజీలూ ఓపికగా చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుంది.

“ఇందులో నీ మాట ఎక్కడుందబ్బయ్యా?”

“అంతా నాదే మేడమ్!”

“నువ్వు చూసింది ఎక్కడుంది?”

అతను తొమ్మిదో పేజీ తీసి వేలు పెట్టాడు. అక్కడ రెండు అంకెలున్నాయి, శాలలో ముందునుంచే నడుస్తున్న ప్రయోగానివి. దాతలు ఇచ్చిన మజ్జలో సగానికి, అంతరిక్షంలో తగిలేలాంటి ఇనుపరేణువుల కిరణాలను యంత్రంలో తగిలించారు. మిగతా సగాన్ని ముట్టుకోలేదు. రెంటినీ చిన్న పళ్ళాల్లో జావలాంటి పదార్థంలో చల్లి, పద్నాలుగు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచారు. సత్తువున్న కణం చుట్టూ పిల్లకణాలు గుంపు కడతాయి. ఆ గుంపులను లెక్కపెట్టాలి. కిరణాలు తగిలిన పళ్ళెంలో నలభై ఒకటి. తగలనిదాంట్లో అరవై మూడు.

“ఎవరు లెక్కపెట్టారు?”

“నేనే మేడమ్. నా రెండు కళ్ళతో.”

“రేపు పొద్దున ఒకసారి లెక్కపెట్టి పో” అంది.

మర్నాడు ఆమె ఒక పళ్ళెం తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మూత మీద ఎర్రసిరాతో ‘కిరణం’ అని ఉంది. అతను మూత పక్కన పెట్టి లెక్కపెట్టాడు. నలభై నాలుగు. ఆమె పళ్ళెం తీసుకుని మూతపెట్టి, పక్క గదిలోని వెచ్చని పెట్టె దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి ఇంకోటి తెచ్చింది. ఈ మూత మీద నీలిసిరాతో ‘మామూలు’ అని ఉంది. అతను మళ్ళీ లెక్కపెట్టాడు. అరవై ఒకటి.

“చూశారా మేడమ్! తేడా కళ్ళకు కట్టినట్టుంది. ఇంకేం కావాలి వాళ్ళకి?”

“మొదటి రోజు నీకేం చెప్పాను, పేరు ఎక్కడ రాయమని?”

“పళ్ళెం అడుగున. మూత మీద రాయకూడదు.”

“ఎందుకని?”

“మూతలు మారిపోతాయి గనక.”

అంటూనే అతను ఆగిపోయాడు. మెల్లగా పళ్ళేన్ని పైకెత్తి అడుగు చూశాడు. చిన్న అంకెలతో ‘17’ అని ఉంది.

“ఇందాకటి పళ్ళెం ఏది మేడమ్?”

ఆమె కోటు జేబులోంచి ఎర్రసిరా మూత తీసి బల్ల మీద, నీలిదాని పక్కన పెట్టింది.

“పళ్ళెం ఒకటే అబ్బయ్యా.”

అతని చెవులు మండిపోయాయి. ఏం చేశాడో అతనికి తెలుస్తూనే ఉంది. యాభై కణాలకు తక్కువున్నది గుంపు కింద లెక్క కాదు. నలభై ఎనిమిదో యాభై రెండో తేలనివి పళ్ళెం నిండా ఉంటాయి. ఎర్రమూత చూసినప్పుడు వాటిని వదిలేశాడు. నీలిమూత చూసినప్పుడు కలుపుకున్నాడు. అబద్ధం ఆడాలని అనుకోలేదు. అదే అతన్ని ఎక్కువ పొడిచింది.

“అయితే మండలి చెప్పిందే నిజమా? ఇందుమతక్కకి ఏమీ కాలేదా?”

“నేనన్నానా ఆ మాట?”

“మరి మనం ఇలా గుంపులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, వాళ్ళు అక్కడ...”

“కోపం ఉండనీ. మంచిదే. ఈ గదిలోకి మాత్రం తేబాక.”

ఆ మధ్యాహ్నం ఆమె అన్ని పళ్ళాల అడుగు రాతల మీదా కాగితం అంటించి, కొత్త అంకెలు వేసింది. ఏది ఏదో రాసిన జాబితా తన దగ్గరే ఉంచుకుంది. అతను లెక్కపెట్టాడు. కాగితాలు ఒలిచి చూస్తే, కిరణాలు తగిలినవాటిలో సగటున యాభై రెండు. తగలనివాటిలో యాభై నాలుగు. తేడా లేదనే చెప్పాలి.

క్రాంతిధర్ తన పన్నెండు పేజీలను చింపబోయాడు.

“ఉండు, ఉండు. వెనకవైపు ఖాళీగానే ఉందిగా” అని ఆమె లాక్కుంది. ఖాళీ పళ్ళాల దొంతర అతని ముందుకు జరిపింది. “రెండో నాటు వెయ్యి.”

రెండో నాటంటే ఎదిగిన గుంపులను చెదరగొట్టి, ఆ కణాలనే మళ్ళీ కొత్త జావలో చల్లడం. ఏ పుస్తకంలో చదివినా ఆ మాట మీద అతని చూపు ఆగలేదు. ఇప్పుడు ఆ పని చేస్తుంటే చేతులు వాటంతటవే నెమ్మదించాయి. తల్లికణం ఎక్కువ కాలం నిద్రలోనే ఉంటుంది. రోజువారీ నెత్తురును తయారుచేసేది దాని బిడ్డలు. తల్లికి దెబ్బ తగిలినా, ఉన్న బిడ్డలు ఇల్లు నడుపుకొస్తారు. మళ్ళీ కనమని అడిగినప్పుడు గదా సంగతి తెలిసేది!

మూడేళ్ళూ మండలి ఎవర్ని లెక్కపెట్టిందో అతనికి అప్పుడు తట్టింది. పళ్ళెం అడుగున అంకె రాసి పెట్టెలో పెట్టాడు.

పద్నాలుగు రోజులు అతను పెట్టె తలుపు ముందు పచార్లు చేశాడు. ఇందుమతి ఒకసారి ఫోను చేసింది. మండలి ఉత్తరం ఆమెకూ అందింది.

“ముగిసిందట గదా తమ్ముడూ! పోనీలే, బాగానే ఉన్నానంటున్నారుగా” అంది. ఆ ‘బాగానే’ దగ్గర ఆమె గొంతు కాస్త ఆగింది.

“అక్కా, నేను ఇంకా లెక్కపెట్టలేదు” అన్నాడు క్రాంతిధర్.

పదిహేనో రోజు ఉదయం, పేర్లు కప్పేసిన పళ్ళాలను లెక్కపెట్టాడు. అవే పళ్ళాలను మస్తానమ్మ తానూ లెక్కపెట్టింది. అంకెలన్నీ అతని పన్నెండు పేజీల వెనకవైపునే వేశారు, మౌనం నేరమన్న మాట వెనక, చరిత్ర బోను వెనక. కాగితాలు ఒలిచారు.

కిరణాలు తగలనివాటిలో సగటున ముప్పై ఎనిమిది. తగిలినవాటిలో తొమ్మిది. ఇద్దరి లెక్కల్లోనూ అంతే.

అతను అరవలేదు. బల్ల గుద్దలేదు. తొమ్మిది గుంపులున్న పళ్ళేన్ని వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. ఖాళీ జావలో చుక్కలు దూరదూరంగా ఉన్నాయి.

“ఇప్పుడు రాయి” అంది ఆమె.

అర పేజీ కూడా నిండలేదు. పైన మండలి మాట, ఆనాడు చదివింది చదివినట్టు. దాని కింద:

“ఇది మీరు ఇచ్చిన మాట. కిరణాలు తగిలిన మూలకణాలు మొదటి నాటులో ఏ తేడా చూపలేదు. రెండో నాటులో ముప్పై ఎనిమిదికి బదులు తొమ్మిదే మిగిలాయి. మూడేళ్ళుగా మీరు చూసింది మొదటి నాటునే. యాత్రికులకు ఇలాగే జరిగిందని మేము అనడం లేదు. జరగలేదని మీరూ అనలేరు. నలుగురి నమూనాలూ మళ్ళీ తీసుకుంటారా, లేదా?”

మస్తానమ్మ చదివింది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

“ఎప్పటిలోగా?”

“వెంటనే!” అన్నాడు.

ఆమె వెచ్చని పెట్టె వైపు చూసింది. “దానికెన్ని రోజులిచ్చావు?”

క్రాంతిధర్ గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు నవంబరు పదిహేను. తిరిగి వచ్చి కూర్చుని, ఉత్తరం అడుగున, సంతకానికి పైన, గీత గీయకుండా రాశాడు:

“నవంబరు 29 లోగా జవాబు కావాలి.”