మాట మింగండి, మహారాజా!

అనగా అనగా, కొండలే కోటగోడలుగా నిలిచిన కాలంలో, నల్లమద్ది అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని చిత్రబాహుడనే రాజు ఏలేవాడు.

రాజు మంచివాడే. కోపం, మాటలు, ఈ రెండే కాస్త ఎక్కువ. పొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి కళ్లు మూసేదాకా మాట్లాడుతూనే ఉండేవాడు. ఆయన మాట్లాడుతుంటే ఎవరూ అడ్డురాకూడదు. ఆయన అడగందే ఎవరూ నోరు మెదపకూడదు. ‘ఇలా చేయండి ప్రభూ’ అని ఆయనకు చెప్పడం అసలే కూడదు. అది ఆ కోట కట్టడి.

ఆ రాజుకు బంగారి అని ఒక మనవరాలు. నడక నేర్చిన పిల్ల, మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి.

ఒకసారి రాజు చాలాకాలం దండయాత్రకు వెళ్లి తిరిగివచ్చాడు. గుర్రం దిగుతూనే మనవరాలిని ఎత్తుకుని ముద్దుపెట్టుకోబోయాడు. పిల్ల కెవ్వుమంది.

“గుచ్చుతోంది తాతా! నీ దగ్గరికి రాను పో!”

దిగి పారిపోయింది. గడ్డం పిల్ల బుగ్గన గుచ్చుకుంది. పిల్ల మాట రాజు గుండెలో గుచ్చుకుంది.

వెంటనే కోటలోని క్షురకుణ్ణి పిలిపించాడు. అతను కత్తి పెట్టాడో లేదో, రాజు పులివేట కథ ఎత్తుకున్నాడు. “ఆ పులి నన్ను ఇలా చూసింది!” అంటూ గభాలున తల తిప్పాడు. చెంప తెగింది. క్షురకుడు చెరలో పడ్డాడు.

పక్క ఊరినుంచి ఇంకొకణ్ణి తెచ్చారు. రాజు ఒక చమత్కారం చెప్పి, దానికి తానే పగలబడి నవ్వాడు. గడ్డం కింద తెగింది. వాడూ చెరలో పడ్డాడు.

రాజు మండిపడ్డాడు. “ఈసారి ఒక్క చుక్క నెత్తురు కనబడిందా, గీసినవాడి తల ఉండదు!”

భటులు ఊరూరా విచారించారు. అందరూ ఒకటే పేరు చెప్పారు. గుండ్లపల్లెలో గంగులు.

గంగులు చేతిలో ఎవరికీ ఏనాడూ గాటు పడలేదు. చెయ్యి అంత మెత్తన. నోరు మాత్రం అంత మెత్తన కాదు. ముందు కూర్చున్నది ఎవరైనా సరే, “కదలొద్దు”, “ఇటు తిరుగు”, “ఆవలింత తర్వాత” అంటూ గదమాయించేవాడు. మరీ ముఖ్యంగా గొంతు దగ్గర. అక్కడికి రాగానే కత్తి ఆపేవాడు. “మాట మింగు” అనేవాడు. ఎదుటి మనిషి గుటక వేసి, బొమ్మలా ఊరుకున్నాకే కత్తి ఆనించేవాడు. అది వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి.

“వీడి ముందు కూర్చుంటే గడ్డమూ పోతుంది, పరువూ పోతుంది” అని ఊరి పెద్ద నవ్వేవాడు. నవ్వుతూనే మళ్లీ అక్కడికే వచ్చేవాడు.

గంగులుకు తల్లి ఒక్కతే. పేరు ఓబులమ్మ. భటులు గుమ్మంలో నిలబడి సంగతి చెప్పేసరికి ఆమె చేతిలోని చేట జారింది. నూకలన్నీ నేలపాలయ్యాయి.

“ఒరే గంగులూ, నీ చేతి సంగతి నాకు భయం లేదు. నీ నోటి సంగతే నా భయం. అది ఊరిపెద్ద గడ్డం కాదురా, రాజు గడ్డం. ఒక్క మాట తూలావా, ఇంక నాకెవరున్నారు?”

“తూలనులే అమ్మా.”

“ఆ మాట నమ్మను. ఒట్టు వెయ్యి. కోటలో నోరు తెరవనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి.”

“మరి గొంతు దగ్గర...”

“వెయ్యమన్నానా లేదా?”

గంగులు తల్లి నెత్తిన చెయ్యి పెట్టాడు. ఒట్టు వేశాడు.

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. వేడినీళ్ల చెంబు తాను మోసుకొస్తానని వెంటబడింది. కోట వాకిట కాపలావాడు అడ్డం వచ్చాడు.

“నువ్వెక్కడికమ్మా?”

“నీళ్లు చల్లారితే గడ్డం నానదు. గడ్డం నానకపోతే కత్తి నడవదు. ఆ తర్వాత రాజుగారికి నువ్వు చెప్పుకుంటావా నాయనా?”

కాపలావాడు గబుక్కున పక్కకు తప్పుకున్నాడు.

రాజు ఎత్తుపీట మీద కూర్చున్నాడు. చుట్టూ మంత్రి, కొలువువారు, కత్తులు దూసిన భటులు. ఓబులమ్మ చెంబుతో స్తంభం పక్కన నిలబడింది. గంగులు పనిముట్ల పొది విప్పాడు. కత్తిని తోలుపట్టీ మీద ఆడించాడు. బొటనవేలి గోరు మీద పదును చూశాడు. వేడినీళ్లతో రాజుగారి గడ్డం నానబెట్టాడు. పెదవి మాత్రం విప్పలేదు.

కత్తి ఎడమ చెంప మీదికి వచ్చింది.

రాజు మొదలుపెట్టాడు. “విన్నావటోయ్, ఆ పులి నన్ను ఇలా చూసింది!”

అంటూ గిర్రున తల తిప్పాడు. గంగులు కత్తిని మెరుపులా వెనక్కి లాగాడు. గాటు పడలేదు. ఓబులమ్మ ఊపిరి పీల్చుకుంది.

కత్తి కుడి చెంప మీదికి వచ్చింది.

రాజుకు తన చమత్కారం గుర్తొచ్చింది. పొట్ట ఊగేలా నవ్వాడు. గంగులు కత్తిని మళ్లీ వెనక్కి లాగాడు. ఈసారీ గాటు పడలేదు. ఓబులమ్మ ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత వచ్చేది ఏమిటో ఆమెకు తెలుసు.

కత్తి గొంతు దగ్గరికి వచ్చింది.

“అసలు ఆ యుద్ధంలో ఏం జరిగిందంటే...” అన్నాడు రాజు. గొంతుముడి పైకీ కిందికీ ఆడుతోంది. గంగులు కత్తి దగ్గరికి తెచ్చాడు, తీశాడు. మళ్లీ తెచ్చాడు, మళ్లీ తీశాడు.

రాజుకు విసుగొచ్చింది. “ఏమిటోయ్ ఈ దోబూచులు? ఇంకొకసారి వెనక్కి తీశావంటే ఆ చెయ్యే తీయిస్తాను. కానివ్వు!” అని, మళ్లీ యుద్ధంలో దూకాడు.

గంగులు తల్లివైపు చూశాడు.

ఓబులమ్మ కొడుకు చేతిని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ వణకని చెయ్యి అది. ఇప్పుడు వణుకుతోంది.

కత్తికి భయపడి కాదు, రాజుకు భయపడీ కాదు. తల్లి నెత్తిన వేసిన ఒట్టుకు భయపడి.

తాను నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. విప్పకపోతే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు.

“నాయనా గంగులూ,” అంది మెల్లగా, “ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నీ మాట నువ్వు చెప్పు.”

రాజు మాట మధ్యలో ఆమె మాట్లాడింది. రాజు నోరు తెరిచాడు, ఉరమడానికి.

గంగులు అంతకంటే ముందే అన్నాడు.

“మాట మింగండి, మహారాజా!”

పుట్టిన తర్వాత రాజుకు అలా చెప్పినవాడు లేడు. ఆ ఆశ్చర్యంలో ఆయన నిజంగానే మాట మింగాడు. గుటక పడింది. గొంతుముడి నిలిచింది. గంగులు చెయ్యి కూడా నిలకడకు వచ్చింది. కత్తి ఆనింది. కింది నుంచి పైకి, మెత్తగా, ఒక్క చప్పుడు లేకుండా నడిచింది.

భటుల కత్తులు లేచే ఉన్నాయి. ఎవరూ అడుగు వెయ్యలేదు. రాజుగారి గొంతు మీద కత్తి ఉండగా ఎవరు కదులుతారు?

గంగులు కత్తి తుడిచి పొదిలో పెట్టాడు. పటికముక్క తడిపి గొంతంతా రాశాడు. వెంట్రుకంత గాటున్నా పటిక పెడితే మంట పుడుతుంది. రాజు కళ్లు గట్టిగా మూసుకుని ఎదురుచూశాడు. మంట పుట్టలేదు. చల్లగా ఉంది.

అప్పుడు కళ్లు తెరిచాడు.

“ఎవరికి ఆజ్ఞ ఇచ్చావో తెలుసా?”

“తెలుసు ప్రభూ,” అన్నాడు గంగులు, తల వంచి. “కానీ ఆ సంగతి కత్తికి తెలియదు కదా. దాని కింద ఎవరు మెడ కదిపినా తెగుతుంది.”

“మరి ముందొచ్చిన ఇద్దరూ నాకీ ముక్క ఎందుకు చెప్పలేదు?”

రాజు చుట్టూ చూశాడు. మంత్రి నేలచూపులు చూస్తున్నాడు. భటులు నేలచూపులు చూస్తున్నారు. నిండు కొలువులో ఆయన కళ్లలోకి చూసేవాళ్లు ఒక్కరూ లేరు.

రాజుకు అర్థమైంది.

“నన్ను కోసింది వాళ్ల కత్తులు కావు,” అన్నాడు నెమ్మదిగా. “నేను పెట్టిన కట్టడి. ఆ ఇద్దరినీ ఇప్పుడే విడిచిపెట్టండి. నా మేలు కోసం చెప్పే మాటకు నేటినుంచి ఈ కోటలో అడ్డులేదు.”

ఇంతలో బుడిబుడి అడుగులు వినిపించాయి. బంగారి వచ్చింది. దూరంగా నిలబడి తాతను అనుమానంగా చూసింది. దగ్గరికొచ్చి ఒక వేలితో చెంప తాకి చూసింది. తర్వాత అరచేత్తో నిమిరింది. తర్వాత మెడ చుట్టూ చేతులు వేసి, తన బుగ్గ ఆ చెంపకు ఆనించింది.

“తాతా, కథ చెప్పు.”

“నువ్వు చెప్పమ్మా,” అన్నాడు రాజు. “నేను వింటాను.”

ఓబులమ్మ కోట దాటేదాకా నడిచింది. వాకిలి దాటాక మెట్ల మీద కూలబడింది. కొడుకును దగ్గరికి లాగి మెడ తడిమింది.

“ఏం వెతుకుతున్నావమ్మా?”

“ఏం లేదు. ఉందో లేదోనని.”

గంగులు నవ్వాడు. “నోరు మూసుకోమన్నదీ నువ్వే, తెరవమన్నదీ నువ్వే.”

“మూసుకోమన్నది భయంతోరా.”

“మరి తెరవమన్నది?”

“అదీ భయంతోనే,” అంది ఓబులమ్మ. కళ్లు తుడుచుకుంది. ఖాళీ చెంబు చంకన పెట్టుకుని లేచింది. “పద, నూకలు ఏరుకోవాలి.”

పిల్లలూ, ఎదుటివారి మేలుకోసం చెప్పవలసిన మాటను, వారెంత గొప్పవారైనా సరే, భయపడి మింగకూడదు.