చేతులు దాచిన బొమ్మలు

విశాఖపట్నంలో భానోజీ అని ఒక బొమ్మల కుర్రాడు ఉండేవాడు. ముఖాలు ముచ్చటగా వేసేవాడు గానీ, చేతులు వేయడం తనకు రాదన్న సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

చేతులంటే మాటలా మరి! ఐదు వేళ్లు, ఒక్కోదానిదీ ఒక్కో తీరు. కాస్త అటూ ఇటూ అయిందంటే అరటిపళ్ల అత్తంలా తయారవుతాయి. ఆ తంటా పడలేక భానోజీ ఒక ఉపాయం కనిపెట్టాడు. అతని బొమ్మల్లో హీరో చేతులు ఎప్పుడూ ప్యాంటు జేబుల్లోనే ఉండేవి. రాజుగారి చేతులు వీపు వెనక, అవ్వ చేతులు కొంగు చాటున. మరీ తప్పనిసరైతే అడ్డంగా ఒక మేకపిల్లను నిలబెట్టేవాడు.

అతను బొమ్మలు వేసే పిల్లల పత్రికకు కమలినిగారు సంపాదకురాలు. ఆవిడ కంట్లో పడకుండా ఏదీ దాగదు.

"ఏమయ్యా భానోజీ, ఈ రాజుగారు అన్నం ఎలా తింటాడు?" అని ఒకసారి అడిగారు.

"అది నా స్టైలండీ," అన్నాడు భానోజీ. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఆహా!" అని ఊరుకున్నారావిడ.

ఒక ఏడాది కమలినిగారు ఒక మంచి పని తలపెట్టారు. ఆ ఊళ్లో వినికిడి లేని పిల్లల బడి ఒకటి ఉండేది. అక్కడి పిల్లలు చేతులతో సైగలు చేస్తూ మాట్లాడుకునేవారు. వాళ్లలో నూకరత్నం అనే తొమ్మిదేళ్ల పిల్ల ఒక కథ అల్లింది. కథలోని అమ్మాయి పేరూ రత్నమే. ఆ అమ్మాయి సముద్రం ఒడ్డున ఉండగా ఒక చిన్న బాబు అలల్లో కొట్టుకుపోతుంటాడు. ఆ హోరులో ఎవరి కేకలూ పడవ దాకా వినపడవు. అప్పుడు రత్నం పడవ మీదున్న నాన్నకు చేతులతో చెబుతుంది. నాన్న వచ్చి బాబును కాపాడతాడు. ఈ కథను బొమ్మల పుస్తకంగా అచ్చువేసి, బడి వార్షికోత్సవం నాడు పిల్లలకు పంచాలని ఆవిడ కోరిక. తమలాంటి పిల్ల ఉన్న పుస్తకాన్ని ఆ పిల్లలు అంతవరకూ చూసి ఎరగరు.

"ఒకసారి బడికెళ్లి, వాళ్లు ఎలా మాట్లాడుకుంటారో చూసిరా," అన్నారు కమలినిగారు.

"రత్నం ఫోటో ఇప్పించండి చాలు. మిగతాది నాకు వదిలేయండి," అన్నాడు భానోజీ.

పదిహేను రోజుల్లో బొమ్మలన్నీ వేసేశాడు. వార్షికోత్సవానికి ఇంకా నెల ఉంది. అచ్చుకు పంపేముందు రత్నానికి చూపిద్దామని కమలినిగారు అతన్ని బడికి లాక్కెళ్లారు.

అట్ట చూడగానే రత్నం గంతులేసింది. తన రెండు జడలు, తన కమ్మలు, తన పన్ను ఊడిన నవ్వు! పక్కనున్న పిల్లలందరికీ చూపించి మురిసిపోయింది. తరవాత పేజీలు తిప్పుతూ సముద్రం బొమ్మ దగ్గర ఆగిపోయింది. అక్కడ భానోజీ రత్నం చేతులకు అడ్డంగా ఒక పెద్ద వల ఆరేశాడు. నోరు మాత్రం బార్లా తెరిపించి, పక్కన బుడగలో "నాన్నా!" అని రాశాడు. రత్నం ఆ వల మీద వేలు పెట్టి వెతికింది. చేతులు అవతలి వైపున్నాయేమోనని, పాపం, కాగితం తిరగేసి కూడా చూసింది. అప్పుడు శశికళ టీచరు వైపు తిరిగి గబగబా సైగలు చేసింది.

"ఏమంటోందండీ?" అని అడిగాడు భానోజీ.

టీచరు కాస్త తటపటాయించింది. "ఈ పిల్ల వాళ్ల నాన్నను పిలవదేం అని అడుగుతోందండీ. పిలవకపోతే బాబు మునిగిపోతాడు కదా అంటోంది."

స్టైలు అనే మాట భానోజీ నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల నిజంగానే బెంగపడి చూస్తోంది. ఇక అబద్ధం ఎక్కడ ఆడతాడు?

"నాకు చేతులు వేయడం రాదమ్మా. అందుకే దాచేశాను," అన్నాడు. ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదలు.

టీచరు దాన్ని సైగలతో చెప్పింది. రత్నం కళ్లింత చేసుకుని చూసి, ఫక్కున నవ్వి, ఏదో జవాబు చెప్పింది.

"తనకు భాగహారం రాదటండీ. రోజూ తప్పులు చేస్తూనే ఉందట. మీరూ వేయండి అంటోంది," అన్నది టీచరు.

రత్నం అతని ఎదురుగా కూర్చుని, చేయి చాచి కదలకుండా పట్టుకుంది. భానోజీ పెన్సిలు తీశాడు. మొదటి చేతికి ఆరు వేళ్లు పడ్డాయి. పిల్లలు లెక్కపెట్టి మరీ నవ్వారు.

"ముందే వేళ్ల జోలికి పోకయ్యా," అన్నారు కమలినిగారు. "అరచేయి పలకలా వేసుకో. నాలుగు వేళ్లూ కలిపి ఒకే ముక్కగా వేయి. అది కుదిరాక విడదీయి. బొటనవేలు చివర్న చూసుకుందువుగాని."

ఆరోజు నుంచి భానోజీ రోజూ బడికి వెళ్లేవాడు. రత్నం చేయి నొప్పెడితే ఇంకో పిల్ల వచ్చి కూర్చునేది. తప్పు వేస్తే పిల్లలే అతని వేళ్లు పట్టుకుని, సైగ ఎలా చేయాలో చేయించి చూపించేవారు. రెండు నోటు పుస్తకాలు వట్టి చేతులతోనే నిండిపోయాయి.

వార్షికోత్సవం నాటికి పుస్తకం తయారైంది. సముద్రం పేజీలో ఈసారి వలా లేదు, బుడగా లేదు. సగం పేజీ రత్నం చేతులే! బొటనవేలు ఇంకా కాస్త లావుగానే ఉంది లెండి.

ఆ సాయంత్రం రత్నాన్ని తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న ఎర్రయ్య వచ్చాడు. చేపల వేటకు వెళ్లే మనిషి, అక్షరం ముక్క రాదు. రత్నం ఆ పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. ఎర్రయ్య బొమ్మకేసి చాలాసేపు చూశాడు. చేతిలోని సంచి కింద పెట్టాడు. తనకు తెలియకుండానే రెండు చేతులూ పైకెత్తి, ఆ బొమ్మలోని పిల్లకు సైగ చేశాడు.

"వస్తన్నాను తల్లీ, వస్తన్నాను!"

రత్నం నాన్నను గట్టిగా వాటేసుకుంది. భానోజీకి ఏడుపు ఆగలేదు.

పిల్లలూ, రాని పనిని దాచిపెట్టుకుంటే అది ఎన్నటికీ రాదు. రాదని ఒప్పుకుని, నలుగురి ముందూ తప్పులు చేస్తూ నేర్చుకుంటేనే వస్తుంది.