మోగని ఫోను

విరూపాక్షయ్య గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ రేడియో టెలిస్కోపు దగ్గర ఆయన శిష్యులందరికీ ఇది అనుభవమే. ఆ రోజు హైమవతి వంతు వచ్చింది.

ఆమె పరిశోధనంతా ఒక జంట నక్షత్రం మీద. పెద్ద నక్షత్రం చుట్టూ చిన్నది తిరుగుతూ, గడియారంలా టిక్కుటిక్కుమని రేడియో సంకేతాలు పంపుతుంటుంది. మూడేళ్లకోసారి రెండూ బాగా దగ్గరవుతాయి. గామా కిరణాలు ఎగజిమ్మేది అప్పుడే. ఆ కలయిక కోసం ఆమె మూడేళ్లు కాచుకుని కూర్చుంది. తీరా సమయం వచ్చేసరికి సంకేతం ఆగిపోయింది. రిసీవరు బాగానే ఉంది. పైనున్న ఉపగ్రహానికి గామా కిరణాలు దండిగా అందుతూనే ఉన్నాయి. ఈమెకు మాత్రం నోటికాడి కూడు జారిపోయినట్టయింది. మళ్లీ అవి దగ్గరయ్యేనాటికి ఫెలోషిప్పు ఉండదు. సంకేతం అందని ఆ రోజులను థీసిస్‌లోంచి కొట్టేస్తానని చెప్పడానికి గురువు దగ్గరకు వచ్చింది.

"మూడేళ్లు ఆగాను సార్. అసలు వేళకే ఎందుకు మూగబోయింది?" అంది ఆమె.

"అన్నానికి పద," అన్నారాయన. "ఈ మధ్య ఓబులమ్మ ఫోను మోగడం లేదు. ఎందుకో కనుక్కో."

హైమవతికి ఒళ్లు మండింది. తన కొంప మునిగిపోతుంటే ఈయనకు ఫోను గోలా!

ఆ ఆవరణలోకి సెల్‌ఫోన్లు రానివ్వరు. క్యాంటీన్ గోడకున్న ల్యాండ్‌లైనే అందరికీ దిక్కు. అక్కడ వండిపెట్టే ఓబులమ్మ పెనిమిటి కుళ్లాయప్ప లారీ డ్రైవరు. ఏ రాష్ట్రంలో ఉన్నా భోజనాల వేళకు ఫోన్ చేసి తీరతాడు, ఆ గంట వినగానే అందరూ ఓబులమ్మను ఆటపట్టిస్తారు. నిజమే, కొన్నాళ్లుగా అది మోగలేదు. తన దిగుల్లో పడి హైమవతి గమనించనేలేదు. ఘాట్ రోడ్లు, లారీలు గుర్తొచ్చాయి. భయపడుతూనే అడిగింది.

ఓబులమ్మ గరిటె పట్టుకునే పడీపడీ నవ్వింది. "ఇంట్లో ఉండే మనిషి ఫోనెందుకు చేస్తాడు పాపా? శనివారం దిగినాడు. గడప దాటితే ఒట్టు!"

ముద్ద హైమవతి చేతిలోనే ఉండిపోయింది. పెద్ద నక్షత్రం చుట్టూ దట్టంగా కమ్ముకుని, రేడియో సంకేతాలను బయటకు రానివ్వని వాయువు సంగతి ఆమెకు తెలియంది కాదు. చిన్నది ఇప్పుడు ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

విరూపాక్షయ్య గారు పప్పు కలుపుకుంటూ అన్నారు: "ఆ రోజులు కొట్టేయకమ్మా. మళ్లీ టిక్కుమన్న రోజున నువ్వు సంబరపడతావు. ఈ ఫోను మోగిన రోజున మాత్రం ఓబులమ్మ ముఖం ఒకసారి చూడు."