సాగే గుడ్డ

భద్రావతి నేసిన గుడ్డ ముడుచుకోలేదు.

సలసల కాగే నీళ్లలో ముంచింది. కర్రతో కలిపింది. మూతపెట్టి మరీ ఉడకబెట్టింది. బయటికి తీస్తే అట్టముక్కలా బిర్రుగా నిలబడింది. లాగితే ఒక్క పిసరు సాగలేదు.

"ఇంతసేపు ఉడికితే కందిపప్పన్నా దారికొస్తుంది. నీకేం పొగరే?" అని గుడ్డనే తిట్టింది.

తిట్టక ఏం చేస్తుంది? చౌడమ్మ జాతర నెత్తిమీదికొచ్చింది. ఆడవాళ్ల చెక్కభజన జట్టంటే ఆ ఊరికి గొప్ప. కానీ చేతుల్లో చెక్కలు పట్టుకుని ఎగిరి, తలపైన టకటకలాడిస్తే చాలు, ప్రతి ఏడూ ఎవరో ఒకరి రవిక చంకలో పర్రుమంటుంది. ఆట బాగుందని మెచ్చుకునే మగాడు ఒక్కడూ ఉండడు గానీ, చిరుగు చూడని మగాడూ ఉండడు. ఈసారి ఆ బెడద తీరుస్తానని జట్టు పెద్ద కేశమ్మకు భద్రావతి నలుగురిలో మాటిచ్చింది.

"రవికల గుడ్డ నేను నేస్తా. చెయ్యెత్తితే సాగుతుంది, దించితే ముడుచుకుంటుంది. అట్ల కాకపోతే ఇంక జన్మలో మగ్గం ముట్టను!"

ఆ ధీమా అంతా ఒక కొత్త దారం చూసుకుని. వేడి తగిలితే అది తనంతట తానే చుట్టలు తిరిగి పొట్టిదైపోతుంది. నూలుతో కలిపి అడ్డంగా పోసే పేకలో నేసి వేడినీళ్లలో వేస్తే, తాను ముడుచుకుంటూ పక్కనున్న నూలును కూడా లాగేసి, గుడ్డంతా ముడతలు తేలుస్తుంది. అప్పుడు పత్తి గుడ్డే రబ్బరులా సాగుతుంది. నూలు తెచ్చే ఆయన ఇదంతా చెప్పినప్పటి నుంచీ భద్రావతి కాలు నేలమీద నిలవలేదు.

నేతలో ఆమెకు వంక పెట్టగలిగినవాళ్లు లేరు. పేక పోసిన ప్రతిసారీ మగ్గం పలకతో బాదే దెబ్బ వీధి చివరిదాకా వినబడుతుంది. తన గుడ్డలో నీళ్లు పోసినా చుక్క కారదని ఆమె గొప్ప. ఈ గుడ్డనూ అలాగే బాది బాది నేసింది.

ఉడికిన గుడ్డ పట్టుకుని, తనకు నేత నేర్పిన ఓబుళమ్మ ఇంటికి పరిగెత్తింది. ముసలమ్మ అరుగుమీద కూర్చుని పొగలు కక్కే కాఫీ గ్లాసులో పోసుకుంటోంది.

"అవ్వా, మోసపోయినా! దారం దొంగ దారం!"

ఓబుళమ్మ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది. "నెయ్యని దారం ఉందా?" అంది.

భద్రావతి కొంగున ముడేసుకున్న పోగు తీసిచ్చింది. ఓబుళమ్మ దాన్ని తీసుకెళ్లి కాఫీలో వేసింది. మూరెడు పోగు చూస్తుండగానే మెలికలు తిరిగి, ఉంగరాల జుట్టులా చుట్టలు చుట్టుకుని బెత్తెడైంది.

"అమ్మో అమ్మో! చూడవ్వా, ఎట్ల తిరుగుతాందో!" భద్రావతి ఎగిరి గంతేసింది.

"దారానికేం రోగం లేదు." ఓబుళమ్మ కాఫీని వీధిలో పారబోసింది.

"అయితే రోగం నా నేతకంటావా? నా నేతకా?"

ముసలమ్మ లేచింది. లోపలికి పోయి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి పాత బొంతలు, చింకి గోతాలు, దిండ్లు, చేతికందినవన్నీ తెచ్చి పడేసింది. ఈమెకు మతి చలించిందా ఏంది అని వెంట వచ్చిన భద్రావతి గుడ్లప్పగించి చూస్తోంది.

"దిగి కూర్చోమ్మే."

దిగింది. మోకాళ్ల సందున ఇంకో బొంత కుక్కి, చేతులతో అదిమి, పిక్కలు కూడా కదలకుండా బిగించింది ఓబుళమ్మ.

"ఇప్పుడు నెయ్యి."

తొక్కుడు కర్ర మీద కాలు ఆన్చబోతే బొటనవేలు కూడా ఆడలేదు.

"ఏంది అవ్వా ఇది! ఇంత బిగించి కూరితే కాలెట్ల ముడిచేది? ఎట్ల చాపేది? కాస్తన్నా సందు..."

సందు అనగానే ఆమె చూపు ఉడికిన గుడ్డమీదికి పోయింది.

ఓబుళమ్మ ఆ ఉడికిన గుడ్డను ఆమె ఒళ్లో పడేసి, గ్లాసు కడుక్కోడానికి దొడ్లోకి పోయింది.

భద్రావతి గుడ్డను వెలుగుకు అడ్డం పెట్టి చూసింది. సూది మొనంత వెలుతురు కూడా ఇవతలికి రాలేదు. ఎప్పుడూ ముచ్చటపడి చూసుకునే నేత అది. గోటితో ఒక పోగును జరపబోతే జరగలేదు. తర్వాత బొంతల్లోంచి కాళ్లు పీక్కుని, చెప్పులు కూడా అక్కడే వదిలేసి ఇంటికి పరుగు తీసింది.

ఆమె మగ్గం మళ్లీ ఆడింది గానీ, పలక దెబ్బ పక్కింటికి కూడా వినబడలేదు. జ్వరమేమోనని ఇరుగుపొరుగు తొంగిచూశారు. చెయ్యి అలవాటుకొద్దీ గట్టిగా లేస్తుంటే, దాన్ని బతిమాలుకుంటూ నేసింది.

కేశమ్మ వచ్చి ఆ గుడ్డను ఎత్తిపట్టింది. వెనకున్న గోడమీది బల్లి కూడా కనబడింది.

"ఇదేందే భద్రీ, దోమతెరా? ఇది తొడుక్కుని ఎగిరితే చంకతో ఏం పోతుంది, ఊరంతటికీ దర్శనమే!"

"నోరు మూసుకుని మంట ఎగదొయ్యి!"

మాటైతే గట్టిగానే వచ్చింది గానీ, గుడ్డను కాగే నీళ్లలో వదులుతూ భద్రావతి చౌడమ్మకు మొక్కుకుంది. గుడ్డ మునిగింది. తేలింది. ఏమీ కాలేదు.

అంతలో ఒక మూల మెలిక తిరిగింది.

తర్వాత ఇంకో మూల. చూస్తుండగానే గుడ్డంతా ప్రాణమొచ్చినట్టు మెదిలింది! అంచులు లోపలికి పాకాయి, సందులన్నీ పూడాయి, నూలంతా బొరుగులు పేలినట్టు బుడబుడా పైకి ఉబికింది. భద్రావతి కేక వీధంతా వినబడింది. కేశమ్మ గుడ్డను కర్రతో లేపి, చన్నీళ్లలో ముంచి, రెండు చేతులా లాగింది. సాగింది! వదిలింది. చటుక్కున ముడుచుకుంది! భుజానికి బిగించి చుట్టుకుని, చేతులు తలపైకెత్తి వాకిట్లోనే ఎగిరింది. ఎగిరి ఎగిరి ఆయాసపడింది.

"చిరిగితే ఒట్టే! అమ్మలక్కలారా, రండే! చూడండే!"

భద్రావతి తడిగుడ్డను ఆమె భుజంమీంచి లాక్కుని ఓబుళమ్మ దగ్గరికి పరిగెత్తింది. ముసలమ్మ సాగదీసింది, వదిలింది. మళ్లీ సాగదీసింది. బోసినోరు విచ్చుకుంది.

"అయినా అవ్వా," భద్రావతి ఆయాసంతోనే మూతి ముడిచింది. "వదులుగా నెయ్యమని ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా? నన్ను అట్ల గుంటలో కూరకపోతే ఏం?"

ఓబుళమ్మ గుడ్డనింకోసారి లాగి వదిలింది.

"చెప్పేదాన్నే," అంది. "నా మాట దూరేదానికి చోటు యాడుండాది?"