ఇప్పగుంట తీర్పు

ఆ ఏడు ఇప్పచెట్లు విరగబూసి, అడవిలో సగం జంతువులు తిన్నగా నడవడం మరిచిపోయాయి. రాలిన పువ్వంతా కొండవాలున ఉన్న బండగుంటలో పడి, నీళ్లలో నాని, పులిసి, దారినపోయేవాళ్లను పేరుపెట్టి పిలిచినంత పని చేసేది. ఆ పిలుపుకు అందరికంటే ముందు పలికింది ఎలుగు వదిన. కడుపునిండా తాగి వాగొడ్డున పడి నిద్రపోయింది. లేచి చూసేసరికి ఇద్దరు పిల్లల్లో ఒక్కటే మిగిలింది. రెండోదాన్ని వాగు తీసుకుపోయింది.

పాత కట్టుబాటు ప్రకారమైతే ఆమెను కొండ అవతలికి తరిమేయాలి. అవతలంతా వేటగాళ్ల ఉచ్చులు. అటు పోయినవాళ్లు తిరిగొచ్చిన దాఖలా లేదు. కానీ అడవికి పెద్ద అయిన ఏనుగు పెద్దయ్య మనసున్నవాడు. తరిమితే తాగేవాడు చస్తాడే తప్ప తాగుడు చావదని ఆలోచించి ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. శిక్ష నెత్తిమీద వేలాడుతుంది గానీ వెంటనే పడదు. ఆరు వారాలపాటు, వారానికోసారి పొద్దున్నే పెద్దబండ దగ్గరికి వచ్చి ఊపిరి వాసన చూపించాలి. తాగకుండా ఉంటే అందరిముందూ మెచ్చుకోలు. తాగి, తాగానని ఒప్పుకుంటే ఒకపూట పస్తు, వారాల లెక్క మళ్లీ మొదటినుంచి. పెద్దబండ మీద అబద్ధమాడితే మాత్రం కొండ అవతలికే. ఆరు వారాలూ గట్టెక్కితే ఎలుగు వదిన పిల్ల ఆమెకు దక్కుతుంది. అంతవరకు అది అడవిదున్న దగ్గర పెరుగుతుంది.

పద్ధతికి వంక పెట్టడానికి లేదు. వాసన చూసే పనిని నక్క మామకు అప్పగించారు, అడవి మొత్తంలో ముక్కు వాడిదే గట్టిదని.

మొదటి వారాలు ఎలుగు వదిన నరకం చూసింది. ఒళ్లంతా వణుకు, నోట్లో చేదు. చెట్టు బెరడు కొరుక్కుంటూ పడుకునేది. గుంట ఉన్న వాలు వైపు పోకుండా చుట్టుతిరిగి వాగుకు వెళ్లేది. అయిదు వారాలు గడిచాయి. ప్రతిసారీ అడవిదున్న పిల్లను బండ దాకా తీసుకొచ్చేది, ఆమె దూరంనుంచి చూసుకునేది. ఇంకొక్క వారం అనుకుంది.

ఆరో వారం నక్క మామ ఆమె మూతి దగ్గర ముక్కు పెట్టి తల అడ్డంగా ఊపాడు. ఇప్ప వాసన ఘాటుగా ఉందన్నాడు.

ఎలుగు వదిన తాగలేదని చెప్పబోతుంటే పక్కనున్న కోతి బావ గిల్లాడు. ఆయనకూ ఇదే హాజరు; వారం వారం తాగేవాడు, వారం వారం ఏడ్చి ఒప్పుకునేవాడు.

"వదినా, ముక్కు మాట మీద నీ మాట నిలబడదు," అన్నాడు మెల్లగా. "తాగలేదంటే అబద్ధమాడావంటారు. తాగానను, కాస్త కన్నీళ్లు పెట్టు. ఒకపూట పస్తుతో పోతుంది."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, తాగిన పేరున్నదాన్ని ఎవరు నమ్ముతారు అనుకుంది ఎలుగు వదిన. పిల్ల వైపు చూసి, తాగానని చెప్పింది. పెద్దయ్య కళ్లు చెమర్చాయి. ఒప్పుకోవడమే సగం మందని తొండంతో ఆమె వీపు నిమిరాడు. ఆ నిమురుడు ఆమెకు వాతపెట్టినట్టు తగిలింది.

తర్వాతి వారమూ అంతే. ఆపై వారమూ అంతే. మూడు వారాల్లో మూడుసార్లు, తాగని తాగుడు ఒప్పుకుంది. పిల్ల ఇప్పుడు ఆమెను చూస్తే దున్న కాళ్ల వెనక్కి నక్కుతోంది. అదే ఆమె గుండెను కోసింది.

మూడోసారి నక్క మామ మూతి దగ్గరికి వచ్చినప్పుడే ఆమె ముక్కుకు ఇప్ప వాసన గుప్పున కొట్టింది. పాత తాగుబోతుకు ఆ వాసన తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అది వచ్చేది తన నోట్లోంచి కాదు, నక్క నోట్లోంచి. భయపడి కోతి బావ తప్ప అందరూ గుంటకు దూరమయ్యేసరికి, ఆ గుంటలో మిగిలిందంతా వాడిదే అయింది. వాడి ముక్కుకు ఇక లోకమంతా ఇప్పే.

నాలుగో వారం ఆమె పెద్దయ్యను ఒక్కటే అడిగింది. నక్క కళ్లకు టేకాకు కట్టి, ఇంకొకరి ఊపిరి చూపించమంది. పెద్దయ్య సరేనన్నాడు. ఆ తెల్లవారుజామునే పుట్టిన జింకపిల్లను తల్లి ముందుకు నెట్టింది. ఇంకా కాళ్లు నిలవని పసికందు, తల్లి పాలు తప్ప ఇంకేమీ ఎరగదు.

నక్క వాసన చూసి, "వీడెవడో గుంటకు గుంట తాగేశాడు పెద్దయ్యా," అన్నాడు.

పెద్దయ్య తొండం చాచి నక్క నోటి దగ్గర తానే వాసన చూశాడు. కంచే చేను మేసిందని అర్థమైంది. నక్క మామ టేకాకు పీకేసి అందరినీ చూసి, పెద్దయ్య కాళ్లమీద పడి, తాగానని భోరుమన్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి ఒకపూట పస్తు, ఆరు వారాల హాజరు.

"మరి నా పిల్ల?" అంది ఎలుగు వదిన.

పెద్దయ్య ఆమె వైపు తిరిగాడు. "అయితే ఆ మూడు వారాలు నువ్వు తాగలేదు."

"చుక్క ముట్టలేదు పెద్దయ్యా."

"మరి ఇదే బండ మీద తాగానని చెప్పావు. మూడుసార్లు."

"నిజం చెబితే అబద్ధమనేవారు."

"నిజమే కావచ్చమ్మా," అన్నాడు ఆయన. "కానీ అబద్ధానికి కట్టుబాటు ఒక్కటే. నీ కోసం దాన్ని వంచితే, రేపు ఈ బండను ఎవరు లెక్కచేస్తారు?"

ఉన్నమాటంటే ఊరు అచ్చిరాదు. ఎలుగు వదిన పిల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది. అది దున్న కాళ్ల చాటుకు తప్పుకుంది. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆమె కొండెక్కి అవతలికి దిగిపోయింది.

ఆరు వారాలు గట్టెక్కిన పొద్దున నక్క మామను పెద్దయ్య అందరిముందూ మెచ్చుకున్నాడు. కోతి బావ చప్పట్లు కొట్టాడు. అప్పటికి కొండ అవతల రాబందులు తిరగడం మానేసి చాలా రోజులైంది.

చేయని తప్పు ఒప్పుకుంటేనే దయ దొరికే చోట, నిజం చెప్పినవాడికి నిలువ నీడ ఉండదు.